కారణం రాయని ఏడు మిల్లీసెకన్లు

బడి, కంప్యూటర్ గది
జూన్ 11

అక్కా,

ఈ కవరు చూడగానే "ఫోను చేతిలో పెట్టుకుని దీనికి ఉత్తరాలేమిటి" అనుకుంటావు. అనుకో. ఫోనులో అయితే నేను సగం చెప్పేసరికే మిగతా సగం కనిపెట్టి తిట్టడం మొదలుపెడతావు. కాగితం మీదైతే చివరిదాకా చదివాకే తిట్టాలి.

నిన్న మీ కంపెనీ ప్రకటన చూశాను. ఆ పాత గ్రాఫిక్స్ కార్డుకి ఈ డిసెంబరుతో సరి, ఆ పైన కొత్త డ్రైవర్ రాదట. మా గదిలో ముప్ఫై రెండు కంప్యూటర్లు, ముప్ఫై రెండింటిలోనూ అదే కార్డు. మా బడి పిల్లలకు చూపు బాగా తక్కువని నీకు తెలుసు. తెర మీద ఒక్కో అక్షరాన్ని అరచేయంత చేసుకుని చదువుతారు. ఆ అరచేయంత అక్షరం ఆగకుండా జారుతూ కదలాలంటే కార్డు పని చెయ్యాలి. కార్డు పని చెయ్యాలంటే దాని భాష తెలిసిన దుబాసీ ఒకడు కంప్యూటర్లో ఉండాలి, వాడే డ్రైవర్. జనవరిలో మా కంప్యూటర్లన్నీ కొత్త సిస్టమ్‌కి మారతాయి, మారక తప్పదు. మీ పాత డ్రైవర్ దాని మీద ఎక్కదు. అప్పుడు పిల్లలకు ఒక వాక్యం చదవడానికి ఒక పూట పడుతుంది.

ఇక అసలు సంగతి. నీకు చెప్పకుండా రెండేళ్ళుగా ఒక పని చేస్తున్నాను. ఆ కార్డుకి ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాస్తున్నాను. కోడ్ అంతా అందరికీ కనిపిస్తుంది, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. అది పూర్తయి ఓపెన్ సోర్స్ వాళ్ళ ప్రధాన కోడ్‌లో చేరిందా, ఇక మాకు ఏ కంపెనీ ప్రకటనతోనూ పని లేదు.

చిక్కల్లా నువ్వే. నువ్వు ఆ కంపెనీలో, అదే కార్డుకి డ్రైవర్ రాసే మనిషివి. నువ్వు ఒక్క ముక్క నా చెవిన వేసినా కంపెనీ రహస్యం నా కోడ్‌లో కలిసినట్టే. అది తెలిస్తే నా పని మొత్తం అవతల పారేస్తారు. రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. అందుకని ఒక నియమం పెడుతున్నాను. కార్డు గురించి నువ్వు చెప్పవద్దు, నేను అడగను. ఆ ఊసు ఎత్తాల్సి వస్తే ఉత్తరంలోనే ఎత్తుదాం. నీ ఉత్తరాలూ, నా వాటి నకళ్ళూ ఒక ఫైల్లో పెడతాను. రేపు ఎవరైనా "అక్క చెప్పి ఉంటుందిలే" అంటే ఫైలు తీసి బల్ల మీద పెడతాను. మనిద్దరికీ నోట్లో నువ్వుగింజ నానదు. కాగితమైతే కాస్త ఆలోచించి రాస్తాం.

ఇప్పుడు తిట్టు. పోస్టులోనే తిట్టు.

నీ చెల్లి


ఆఫీసు క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
జూన్ 20

ఒసే మొండీ,

రెండేళ్ళా! పోయిన వేసవిలో వచ్చి నీ దగ్గర పది రోజులున్నాను. నీ బల్ల మీద మా కార్డు విప్పి పెట్టి ఉంటే "పాడైందా?" అని అడిగాను. "లేదక్కా, దుమ్ము దులుపుతున్నా" అన్నావు. దులిపావులే, బాగానే దులిపావు. పైగా ఆ పూట నీ స్క్రూడ్రైవర్ కనబడకపోతే మంచం కింద దూరి వెతికి ఇచ్చింది నేను.

తిట్లు అయిపోలేదు, కానీ భోజనం వేళ అరగంటే. అందుకని ముఖ్యమైనవి రాస్తున్నాను. మా డ్రైవర్ని తొమ్మిదేళ్ళు నలభై మంది కూర్చుని రాశారు. కింది అంతస్తులో నాలుగు వందల రకాల తెరలు పెట్టి పరీక్షించారు. మీ ఓపెన్ సోర్స్ సంగతి నాకు తెలియంది కాదు. తలా ఒక చెయ్యి వేస్తారు, ఉద్యోగం దొరికినవాడు దొరికినట్టే మాయమవుతాడు. రోడ్డు మీద పొయ్యి పెట్టి వచ్చేపోయేవాళ్ళంతా గరిటె తిప్పే వంట అది. "కాకిపిల్ల కాకికి ముద్దు" అంటావని తెలుసు. ముద్దే మరి.

"మీకు అక్కర్లేనప్పుడు ఆ కోడ్ అందరికీ తెరిచి పెట్టెయ్యొచ్చుగా" అని కూడా అంటావు. అందులో సగం ముక్కలు వేరే కంపెనీలకు మాట ఇచ్చి తెచ్చుకున్నవి. తలుపు తియ్యడం మా చేతిలో లేదు. నలభై మందిలో ఇప్పుడు ఆ కార్డు మీద మిగిలింది నలుగురం. మా పెద్దాయన, అదే మేమంతా చాటుగా తాబేలు అని పిలుచుకునే ఆయన, ఈ ప్రకటన మీద సంతకం పెట్టడానికే మూడు నెలలు తీసుకున్నాడు. కొత్త కార్డుని నిద్ర లేపే బృందానికి జనవరి నుంచి నన్నే పెద్దను చేస్తానని కూడా మాటిచ్చాడు.

నిద్ర లేపడం నా పనే అని చెప్పడంలో తప్పులేదు, ఆఫీసు వెబ్‌సైట్లో నా పేరు కింద రాసే ఉంది. నువ్వు కంప్యూటర్ స్విచ్ వేసిన క్షణం నుంచి తెర వెలిగేదాకా జరిగేదంతా నేను రాసిందే. తొమ్మిదేళ్ళలో దాని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అది గుర్తుంచుకుని చేతులు పెట్టు.

అమ్మకు చెప్పావా? "మా పెద్దది డ్రైవర్ల పనిలో ఉంది" అని పక్కింటావిడతో అమ్మ అంటే, ఆవిడ తన అల్లుడికి లైసెన్సు ఇప్పించమని నన్ను పట్టుకుంది. ఇప్పుడు చిన్నదీ డ్రైవరే అని తెలిస్తే బస్సు ఎప్పుడు కొంటున్నారని అడుగుతుంది.

నీ నియమం ఒప్పుకున్నాను. నా నోటి నుంచి ఒక్క ముక్క రాదు. నీకు సాయం చెయ్యాలని నాకేమీ తహతహగా లేదు కూడా.

అక్క


బడి, కంప్యూటర్ గది
ఆగస్టు 17

అక్కా,

నేను ఎలా పని చేస్తున్నానో నేను చెప్పొచ్చు, నువ్వు చెప్పకూడదు. మన నియమంలో ఇదొక సుఖం.

కార్డు లోపల చిన్న చిన్న గదులు వేల సంఖ్యలో ఉంటాయి కదా. మీ డ్రైవర్ ఏ గదిలో ఏ అంకె వేస్తోందో గోడకు చెవి ఆనించినట్టు వింటాను. విన్నది పుస్తకంలో రాసుకుంటాను. తర్వాత మీ డ్రైవర్ని తీసేసి, నేనే ఒక గదిలో ఒక అంకె మార్చి చూస్తాను. ఫ్యాను గోల చేసిందా, అది ఫ్యాను గది. తెర ఎర్రబడిందా, అది రంగుల గది. మధ్యలో చోట్ల చోట్ల ఖాళీలు వస్తాయి. కావాలని ఆగిందో, కంప్యూటర్ ఇంకో పనిలో పడి ఆగిందో ఎవరికి తెలుసు? ఇప్పటికి పదకొండు పుస్తకాలు నిండాయి. ప్రతి గది పక్కన అది ఎందుకో, నాకెలా తెలిసిందో రాశాను. తెలియని చోట తెలియదు అని రాశాను.

గీతలు, రంగులు, పెద్దక్షరాలు అన్నీ అయ్యాయి. కానీ మీ డ్రైవర్ ముందు కార్డుని లేపి పెడితేనే నాది పని చేస్తోంది. సొంతంగా లేపబోతే తెర నల్లగానే ఉంటోంది. ఐదు వారాలైంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది మా లెక్కల మాస్టారు. ఆయనకూ చూపు తక్కువే, పాఠాలన్నీ ఈ తెర మీదే దిద్దుకుంటారు. రోజూ తలుపు దగ్గరే నిలబడి, "ఏమ్మా, లేచారా మహారాణిగారు?" అని అడుగుతారు. లేదు మాస్టారూ అంటాను. "అలిగినవాళ్ళని లేపడం కష్టమేలే" అంటూ వెళ్ళి కూర్చుంటారు.

నిన్న నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, మధ్యాహ్నం పిల్లలు భోజనానికి వెళ్ళాక. ఇంత చేసి చివరికి నువ్వు రాసిన చోటుకొచ్చి పడ్డాను కదా అని కోపం. ఎవరికీ అంతుపట్టకుండా రాసిందెవరు, మా అక్క కదా అని ఇంకో పక్క గర్వం. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎలా ఉంటుందో అలా ఉన్నాను.

సాయం అడగడం లేదు. చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఇది అర్థమయ్యే మనిషి లేదు కనక చెప్పుకుంటున్నాను.

నీ చెల్లి


ఇంట్లో, వంటగది బల్ల
సెప్టెంబరు 5

చెల్లీ,

ఈ కాగితం మధ్యలో కన్నం చూసి పోస్టులో ఎలుక కొరికిందనుకోకు. అక్కడ నేను రెండు వాక్యాలు రాశాను. రాసి చదువుకున్నాను. చదువుకుని కొట్టేశాను. కొట్టేసినా వెలుతురుకి పెడితే కనబడుతోంది. కత్తెర తెచ్చి కత్తిరించేశాను.

వేరే కాగితం మీద శుభ్రంగా మళ్ళీ రాయొచ్చు. కానీ నువ్వు ఫైలు పెట్టిందే ఏదీ దాచకూడదని. నేను కాలు జారబోయానని ఆ ఫైల్లో ఉండాలి. జారలేదని కూడా ఉండాలి. అందుకే కన్నంతోనే పంపుతున్నాను.

తహతహ లేదని జూన్‌లో గొప్పలు పోయాను. నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని. నీకు నడక నేర్పింది నేను. నువ్వు పడుతుంటే నా చెయ్యి నన్నడక్కుండానే ముందుకొస్తుంది. ఐదు వారాలని చదివాక రెండు రోజులు ఆఫీసులో ఏ పనీ తోచలేదు. ఆ రెండు వాక్యాలు రాసేటప్పుడు ఎంత హాయిగా ఉందో, కత్తిరించేటప్పుడు అంత కష్టంగా ఉంది.

ఇంతకంటే రాస్తే మళ్ళీ కత్తెర కావాలి.

అక్క


బడి, కంప్యూటర్ గది
అక్టోబరు 24

అక్కా,

ముందు మంచి మాట. లేచింది. మీ దారి పట్టుకోలేక వదిలేసి ఇంకో దారి వెతికాను. కార్డు మీదే ఒక చిన్న చిప్పు ఉంది. తయారైన రోజున దాంట్లో ఒక పాఠం రాసి పెట్టారు. నేను లేపడం మానేసి, నీ పాఠం నువ్వే చదువుకుని నువ్వే లే అని కార్డుకి చెప్పాను. అంతే, తెర వెలిగింది! లెక్కల మాస్టారు ముక్కు తెరకు ఆనించి మరీ చూసి, "ఆహా, దర్శనమిచ్చారు" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆ వారమే కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్ వాళ్ళకు పంపాను.

ఇక రెండోది. అక్కడ ఎవరో నీ పేరూ నా పేరూ కలిపి చూశారు. "ఈవిడ అక్క ఆ కంపెనీలో ఇదే పని చేస్తుంది, ఇంత కష్టమైన చోటు ఈవిడకు ఊరికే దొరికిందా?" అని అందరూ చదివే చోట రాశారు. ప్రధాన కోడ్‌లో ఏది చేరాలో చూసే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. మర్యాదస్తుడే. ఆ కోడ్ తమది కాదని మీ కంపెనీ రాసి ఇస్తే తప్ప తాను తీసుకోలేనన్నారు. డిసెంబరు మొదటి వారం దాటితే జనవరి సిస్టమ్‌లో ఉండదు.

ఫైలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయనకు ఒక నకలు, మీ కంపెనీ లాయరుగారికి ఒక నకలు పంపాను. ఇప్పుడు ఆ ఫైల్లో ఎవరూ నా పదకొండు పుస్తకాల ఊసు చూడటం లేదు. అందరికీ నీ కన్నమే కనబడుతోంది. అందులో ఏముందని నన్నడుగుతున్నారు. నాకేం తెలుసు? తెలియదంటే గుమ్మడికాయల దొంగని చూసినట్టు నా భుజాల వంక చూస్తున్నారు.

ఎందుకు రాశావక్కా? నేను ఏడిస్తే ఏడవనివ్వాల్సింది. కన్నం పెట్టకుండా కాగితం చింపి పారెయ్యాల్సింది. నిజాయితీ చూపించుకున్నది నువ్వు, దొంగనయ్యింది నేను.

డ్రైవర్ చేరకపోతే పిల్లలకు ఇంకేదో తంటా పడతాను. కానీ ఆ రెండేళ్ళూ నావి. ఒక్క అంకె కూడా ఎవరి దగ్గరా తీసుకోలేదు. అవి నావేనని చెప్పుకోవడానికి ఇవాళ నాకు మీ కంపెనీ సంతకం కావాల్సి వచ్చింది. ఇది నేను మింగలేకపోతున్నాను.

నీ చెల్లి


ఆఫీసు, లాయరుగారి గది బయట బెంచీ
నవంబరు 19

చెల్లీ,

నీ ఉత్తరానికి మూడు వారాలు జవాబు రాయలేదు. లాయరుగారు రాయొద్దన్నారు. ఇప్పుడే గదిలోంచి బయటికొచ్చాను. ముందే చెబుతున్నాను, సంతకం అయిపోయింది. ఇంక ఊపిరి పీల్చుకుని చదువు.

గదిలో ముగ్గురం. లాయరమ్మ, మా పెద్దాయన, నేను. మన ఉత్తరాలు మొదటి నుంచి పైకి చదివారు. జూన్ ఉత్తరంలో తాబేలు దగ్గరికొచ్చేసరికి లాయరమ్మ గొంతు ఆగింది. నేను బల్ల కింద దూరాలా, కిటికీలోంచి దూకాలా అని చూస్తున్నాను. మా పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "తాబేలుకి ఆయుష్షు ఎక్కువమ్మా, చదవండి" అన్నాడు.

తర్వాత కన్నం. ఆ ముక్క నేను పారెయ్యలేదు, నా పర్సులోనే ఉంది. తీసి ఇచ్చాను. అందులో ఏముందో నీకు చెప్పను, ఇప్పటికీ చెప్పకూడదు. మా కోడ్‌లో నేను చేసే ఒకానొక పని గురించి ఉందని మాత్రం అనుకో. లాయరుగారు మా కోడ్, నీ కోడ్ పక్కపక్కన పెట్టించారు. మా దాంట్లో ఆ పని ఉంది. నీ దాంట్లో లేదు.

"లేకపోతే ఏమైంది? మీ చెల్లెలు చూసి, తెలివిగా తీసేసి ఉండొచ్చు కదా" అన్నారు లాయరుగారు.

"తీసేస్తే కార్డు లేవదని తొమ్మిదేళ్ళుగా మేమే నమ్ముతున్నామండీ. చూసినవాళ్ళు ఎవరూ దాన్ని తీసే ధైర్యం చెయ్యరు" అన్నాను.

"మరి ఆవిడది అది లేకుండానే లేస్తోందే. అయితే అది అక్కర్లేదన్నమాట. ఎందుకు పెట్టారు?"

చెల్లీ, కోడ్‌లో ఆ లైను పక్కన చూశాను, ఖాళీగా ఉంది. మొదటి ఏడాది పెట్టాను, అంతవరకే గుర్తు. పని చేసింది కాబట్టి ఉంచేశాను. కారణం రాయలేదు. ఒక్క ఫిర్యాదు రాలేదని నీ ముందు మీసం లేకుండానే మెలేశానే, దాని మధ్యలో తొమ్మిదేళ్ళుగా నాకే అర్థం తెలియని లైనొకటి కూర్చుని ఉంది.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఏమనేది? "సరైన జవాబు అందరికీ ఒకటే. తప్పు మాత్రం ఎవరిది వాళ్ళదే. కాపీ దొరికేది తప్పుల్లోనే" అనేది కదా. అదే రాశాను. లాయరుగారు ఇంకా మర్యాదగా రాద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. కాగితం మీద ఇలా ఉంది: "ఈ కోడ్ మాది కాదు. మాదే అయితే నేను చేసిన తప్పు ఇందులో ఉండేది. ఉత్తరంలోంచి కత్తిరించిన ముక్కలో ఉన్నది ఆ తప్పే. ఆవిడ కోడ్‌లో అది లేదు." కింద నా సంతకం, దాని కింద కంపెనీది. రేపు మీ పెద్దమనిషికి చేరుతుంది.

బయటికొస్తుంటే మా పెద్దాయన ఆపాడు. "కారణం రాయని మనిషికి కొత్త కార్డు అప్పజెబితే మిగతావాళ్ళకు ఏం చెప్పనమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఎక్కువ బాధ. కొత్త బృందం ఇంకొకరికి వెళ్ళింది. బాధగా ఉంది, నీ దగ్గర దాచను. అయినా ఇంకోసారి అడిగినా అదే సంతకం పెడతాను.

సరిచూడాలి కాబట్టి నీ కోడ్ మొత్తం చదవనిచ్చారు. నాలుగు రోజులు చదివాను. ప్రతి లైను పక్కనా కారణం. తెలియనిచోట తెలియదని. మా నలభై మందిలో ఒక్కరం కూడా అలా రాయలేదు. రోడ్డు మీద వంట అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదువుతూ చదువుతూ ఒక చోట "అబ్బ, మా చెల్లీ!" అని పైకే అనేశాను. లాయరమ్మ తలెత్తి చూసింది. చూస్తే చూసింది.

నువ్వు దొంగవి కాదు. నేనూ ఇవ్వలేదు. రెండూ ఇప్పుడు ముద్ర వేసిన కాగితం మీద ఉన్నాయి.

అక్క


బడి
డిసెంబరు 4

అక్కా,

చేరింది. ప్రధాన కోడ్‌లో. నీ కాగితాన్ని అమ్మకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. మూడోసారి తనే చదువుకుంది. "పెద్దది తప్పు ఒప్పుకుందంటే చిన్నది ఏదో ఘనకార్యమే చేసుంటుంది" అంది.

కన్నం గురించి నేను రాసిన మాటలు మరిచిపో.

నీ చెల్లి


బడి, కంప్యూటర్ గది
జనవరి 23

అక్కా,

గొప్పలు చెప్పుకుని రెండు నెలలు కూడా కాలేదు, మూతి పగిలింది. తర్వాత అతుక్కుంది. వరసగా చెబుతాను.

కొత్త సిస్టమ్ పెట్టాం, నా డ్రైవర్‌తో ముప్ఫై రెండూ బ్రహ్మాండంగా నడిచాయి. పిల్లలకు ఏమీ తెలియలేదు, అదే నాకు పెద్ద మెప్పు. పది రోజులకు చలి ముదిరింది. ఒక పొద్దున నేను వచ్చేసరికి లెక్కల మాస్టారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. "నీ డ్రైవర్‌కి కూడా లేవగానే టీ పడాలేమోనమ్మా" అన్నారు. పదకొండు తెరలు నల్లగా ఉన్నాయి. ఆపి మళ్ళీ వేస్తే లేచాయి. మర్నాడు పొద్దున మళ్ళీ అవే పదకొండు. ఇంకో మూడు చోట్ల నుంచి కూడా ఇదే ఫిర్యాదు వచ్చింది. అన్నీ చలి చోట్లే, అన్నీ పొద్దున పూటే.

ఆ పదకొండూ విప్పి చూశాను. అన్నీ మొదటి విడతలో తయారైన కార్డులు. పాఠం రాసి పెట్టిన చిన్న చిప్పు ఉందన్నానే, ఆ విడతలో అది వేరే రకం. చల్లగా ఉన్నప్పుడు స్థిమితపడటానికి దానికి కాస్త సమయం పడుతుంది. ఈలోపు చదివితే పిచ్చి అంకెలు ఇస్తుంది. గదిలో థర్మామీటర్ పెట్టి వారం రోజులు పొద్దున్నే కొలిచాను. అన్నిటికంటే బద్ధకస్తుడికి ఆరు మిల్లీసెకన్లు పట్టింది. మాస్టారు లెక్క చూసి, "ఎప్పుడూ ఒకటి చేతిలో ఉంచుకోవాలమ్మా" అన్నారు. ఒకటి కలిపి ఏడు మిల్లీసెకన్లు ఆగి చదవమని రాశాను. పక్కన కారణం రాశాను: "మొదటి విడత కార్డుల్లో చిప్పు చలిలో ఆలస్యంగా స్థిమితపడుతుంది, ముప్ఫై రెండు కార్డులు కొలిచి చూశాను, ఈ లైను తీసెయ్యకండి." సవరణ పంపాను, చేరిపోయింది. ఇవాళ పొద్దున ముప్ఫై రెండూ ఒకేసారి వెలిగాయి.

అక్కా, నాకొక అనుమానం. నువ్వు తప్పని ఒప్పుకున్న లైను ఇలాంటిదేనా? చెప్పకు. నేను అడగడం లేదు. కానీ ఇదే అయితే మాత్రం అది తప్పు కాదు. ఎవరో ఒక చలి పొద్దున ఈ కార్డు ముందు కూర్చుని, నాలాగే కష్టపడి కనిపెట్టిన సంగతి. రాయడం మరిచిపోయారంతే.

నీ చెల్లి


ఆఫీసు, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 4

చెల్లీ,

లాయరుగారిని అడిగి రాస్తున్నాను. నీ సవరణ లోకమంతా చూసింది కాబట్టి ఇక దాచేదేమీ లేదన్నారు.

నాదీ ఏడే. లేపాక ఏడు మిల్లీసెకన్లు ఆగు. కత్తిరించిన ముక్కలో ఉన్నది అదే.

నీ ఉత్తరంలో "చలి" అన్న మాట దగ్గరే నాకంతా గుర్తొచ్చింది. మొదటి ఏడాది మాకు ఈ భవనం లేదు. పాత షెడ్డులో పని చేసేవాళ్ళం, కిటికీ అద్దం పగిలి అట్టముక్క అడ్డం పెట్టుకున్నాం. పొద్దున పూట కార్డులు లేచేవి కావు. చేతులు రుద్దుకుంటూ ఆగే సమయాన్ని రెండేసి, మూడేసి పెంచుకుంటూ పోయాను. ఏడు దగ్గర అన్నీ లేచాయి. "రేపు కారణం రాద్దాం" అనుకున్నాను. ఆ తర్వాత వెచ్చటి భవనానికి మారాం, ఆ రేపు రానేలేదు.

వెంటనే మా పెద్దాయన గదికి వెళ్ళి, "నవంబరులో నేనొక తప్పు ఒప్పుకున్నాను, అది వెనక్కి ఇచ్చెయ్యండి" అన్నాను. ఆయనకు అర్థం కావడానికి నీ సవరణ మొత్తం చదివించాల్సి వచ్చింది. చదివాక, "అయితే ఇప్పుడు ఆవిడ దాంట్లోనూ ఏడు ఉందిగా, లాయరు కాపీ అనదా?" అన్నాడు.

"అనలేదు, అడిగే వచ్చాను. మన దగ్గర ఏడు మాత్రమే ఉందండీ. ఎందుకన్న కారణం ఆవిడ దగ్గర ఉంది. మన దగ్గర లేనిదాన్ని మన దగ్గర ఎలా దొంగిలిస్తుంది?" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వడం కూడా నిదానమే. ఏడు పెట్టడం తప్పన్న మాట కాగితాల్లోంచి తీసేశారు. కారణం రాయకపోవడం తప్పన్న మాట నేనే ఉంచమన్నాను. కొత్త బృందం తిరిగి రాలేదు, అది తీసుకున్నావిడ బాగా చేస్తోంది. చేరిన మొదటి రోజునే ఆవిడ అందరికీ ఒక నియమం పెట్టింది, పక్కన కారణం లేకుండా ఒక్క లైను కూడా లోపలికి రాకూడదని.

డిసెంబరులో వెళ్ళాల్సిన మా ఆఖరి డ్రైవర్ ఇంకా వెళ్ళలేదు, మా పెద్దాయన సంగతి తెలుసుగా. నిన్న మేం నలుగురం ఆ కోడ్ ఫైలు చివరిసారి తెరిచాం. ఆ లైను పక్కన తొమ్మిదేళ్ళ ఖాళీ అలాగే ఉంది. కొలిచి తేల్చిన కారణం ఎవరైనా రాసుకోవచ్చన్నారు లాయరుగారు. చలి, మొదటి విడత, చిప్పు, అన్నీ రాశాను. దాని కింద ఇంకో లైను రాశాను: "ఇది కనిపెట్టింది మా చెల్లి." కోడ్‌లో బయటివాళ్ళ పేర్లు ఉండకూడదని మా రూలు. పేరు ఎక్కడ రాశానండీ అన్నాను. పెద్దాయన రెండుసార్లు చదివి, కింద సరే అని పెట్టాడు.

రేపు ఆ ఫైలు మూసేస్తారు. మళ్ళీ ఎవరూ తెరవరు. బయటివాళ్ళు ఎవరూ చూడలేరు, నువ్వైతే అసలే చూడకూడదు. కానీ అక్కడ ఉంది.

అక్క